తిమ్మక్క ఆర్పిన దీపం

హనుమంతరాయుడి వేరుశనగ మిల్లు తిరగక అది మూడో ఏడు. వాన లేదు, పంట లేదు, మిల్లుకు గింజ లేదు. చిలమత్తూరు దారిలో గుట్టకిందపల్లె కంటికి కనపడకముందే ఒకప్పుడు మిల్లు చప్పుడు చెవికి వినపడేది. 1962 మొదట్లో ఆ చోట వినపడేది గాలి ఒక్కటే. పెంకుల మీద పావురాలు కూడా వాలడం మానుకున్నాయి. లోపల ఏరుకోవడానికి వాటికి ఏమీ మిగల్లేదు మరి.

అట్లాంటి రోజుల్లో హనుమంతరాయుడు తన మెట్టపొలంలో బావి తవ్వించాడు. తవ్వినవాడు మారెప్ప. నలభై మూరలు దిగాడు. నీటిచెమ్మ తగల్లేదు కానీ తెల్లని పలుగురాయి తగిలింది. ఆ పలుగురాతిలో పొదిగినట్టు ఆకుపచ్చని కడ్డీలు. ఒక్కొక్కటీ ఆరు పలకలు తేరి, ఎవరో తీరిగ్గా కూర్చుని చెక్కినట్టు ఉన్నాయి. మారెప్ప ఒక కడ్డీని మొలకు దోపుకుని పైకి వస్తుంటే మోకు తెగింది. మనిషి బతికాడు. నడుం కింది సగం బతకలేదు. మొలలోని కడ్డీకి మాత్రం పెచ్చు కూడా ఊడలేదు.

మద్రాసు నుంచి వచ్చిన రాళ్ళ నిపుణుడు దాన్ని బెరిల్ అన్నాడు. ఊరు దాన్ని పచ్చకడ్డీ అంది. అందులోంచి బెరీలియం అనే లోహం తీస్తారనీ, సర్కారు కొంటుందనీ, దుమ్మూ ధూళీ లేకుండా శుభ్రం చేసి పంపాలనీ చెప్పి, ఆ నిపుణుడు ఒక ఇంగ్లీషు కాగితం హనుమంతరాయుడి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నీళ్ళున్న చోట అయితే కడుగుతారు. ఇక్కడ నీళ్ళెక్కడివి? హనుమంతరాయుడికి ఇక్కడివాళ్ళకు తోచే ఉపాయమే తోచింది. శనక్కాయలు చెరిగే ఆడవాళ్ళు పనిలేక ఊళ్ళో ఉన్నారు. చేటలు చూరుకు వేలాడుతున్నాయి. గాలికి కొదవ లేదు. కొట్టిన రాతిని జల్లించి చేటలో చెరిగితే దుమ్మూ, కాకిబంగారం రేకులూ ఎగిరిపోతాయి. మిగిలిన దాంట్లో పచ్చముక్కలు కంటికి తెలుస్తాయి. ఏరి గోతాల్లో నింపవచ్చు.

బావి పక్కన ఒక షెడ్డు వేయించి పన్నెండుమంది ఆడవాళ్ళను పెట్టాడు. కూలి రోజుకు పడి జొన్నలు. అందరికంటే ముందు చేట పట్టుకుని వచ్చింది మారెప్ప భార్య తిమ్మక్క. చెరగడంలో ఆమెకు సాటి లేదు. చేట ఎగరేస్తే గింజంతా ఒక్క మాట మీద లేచి, ఒక్క మాట మీద దిగేది.

పని మొదలుపెట్టే రోజున హనుమంతరాయుడు ఉన్నత పాఠశాల సైన్సు మాస్టరు నరసింహప్పను పిలిపించాడు. ఆ ఇంగ్లీషు కాగితంలో ఏముందో అందరికీ విప్పి చెప్పమన్నాడు. నరసింహప్ప బడి వెనక గదిలో ఒంటరిగా ఉంటాడు. భార్య పోయి ఆరేళ్ళు. పొయ్యి ఊదుకోవడం, బియ్యంలో రాళ్ళు ఏరుకోవడం ఆయనే నేర్చుకున్నాడు. లోహాల గురించి ఒకరు అడిగి చెప్పించుకోవడం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదలు. సంతోషపడ్డాడు. ముందురోజంతా కూర్చుని, తన దగ్గరున్న పత్రికలు కూడా తిరగేసి, ఇంకో రెండు పేజీలు రాసుకుని వచ్చాడు.

"ఈ లోహం అల్యూమినియం కంటే మూడో వంతు తేలిక" అన్నాడు. "తేలిక కదా అని వంగుతుందేమో అనుకోవద్దు. ఉక్కు కంటే బిర్రు. వేడి తగిలితే ఇనుము కంటే నాలుగింతలు వేడిని మింగి ఊరుకుంటుంది, తొందరగా కరగదు. నిరుడు ఒక మనిషిని రాకెట్‌లో ఆకాశంలోకి పంపి, పావుగంటలో దింపినారు. దిగేటప్పుడు గాలి రాపిడికి నిప్పులా కాలుతుంది. ఆ మనిషి మాడిపోకుండా ఆయన కూర్చున్న డబ్బా అడుగున పెద్ద పళ్ళెం లాంటిది బిగించినారు. అది ఈ లోహమే. రేపు చందమామ దాకా పోయే యంత్రాల్లో దీంతో అద్దాలు చేస్తారు, దారి చూపే చక్రాలు చేస్తారు. అక్కడి చలికి ముడుచుకోదు, ఎండకు సాగదు."

"మన చేటలో చెరిగింది చందమామ మిందికి పోతాదా!" అంది సుంకమ్మ.

"పోతాది పోతాది. నువ్వు పోవు గదా" అంది తిమ్మక్క. అందరూ నవ్వారు.

"మొదట్లో దీన్ని తీపి లోహం అనేవాళ్ళు. దీని లవణాలు నాలుకకు తీపిగా తగుల్తాయి."

తిమ్మక్క వెంటనే ఒక పచ్చముక్క తీసి నాలుకకు రాసుకుంది. "యాడ సార్ తీపి? ఉత్త మన్ను."

"రాయి తీపి కాదు తిమ్మక్కా. నువ్వు నాకవద్దు, పడెయ్."

"ఆ పైన గాలి ఉంటాదా సార్?" అని మళ్ళీ తిమ్మక్కే అడిగింది.

"ఉండదు. పోయేవాడు తనకు కావలసిన గాలి తనే కట్టుకుని పోతాడు."

"ఓయమ్మా, గాలిని మూట కట్టిస్తారా! వాడు మారాజు."

కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో నాలుగు వరుసలున్నాయి. ఈ లోహం దుమ్ము పీల్చినవాళ్ళ ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయని, పలుగురాతి దుమ్ము కూడా ప్రమాదమేనని, రాతిని తడిపి పని చెయ్యాలని. నరసింహప్ప అక్కడికి వచ్చేసరికి హనుమంతరాయుడు కొబ్బరికాయ చేతికి తీసుకున్నాడు. "అది రేపు చెబుదువులే సార్. పొద్దు పోతాంది." నరసింహప్ప కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. శుభమా అని పని మొదలయ్యేచోట ఆ మాట ఎందుకనిపించింది ఆయనకు కూడా. మర్నాడు పరీక్షపేపర్లు వచ్చాయి. ఆ పైవారం ఆడవాళ్ళు జొన్నలు ఒడిలో పోసుకుని నవ్వుకుంటూ పోతుంటే చూశాడు. ఆ తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారు.

ఆషాఢం గాలికి ఆ షెడ్డు ముందు తెల్లటి పొగ లేచినట్టుండేది. సాయంత్రం వాళ్ళు ఇళ్ళకు పోతుంటే జుట్టులో కాకిబంగారం రేకులు ఎండకు తళతళలాడేవి. బడి అరుగు మీద నిలబడి నరసింహప్ప ఆ మెరుపు చూసేవాడు. పేదవాళ్ళకు దేవుడు పెట్టిన నగలనుకునేవాడు. తర్వాత తనను తాను చాలా మాటలు అనుకున్నాడు కానీ, అప్పట్లో అట్లాగే అనుకున్నాడు.

పత్రికల్లో ఏళ్ళు పడుతుందని రాసిన జబ్బు ఇక్కడ వినాయకచవితి దాకా కూడా ఆగలేదు. ఒట్టి కడుపుతో పొద్దుగూకులూ పీల్చేవాళ్ళ గురించి పత్రికలవాళ్ళకు ఏం తెలుసు? ముందు సుంకమ్మకు దగ్గు. తర్వాత ఇంకో ఇద్దరికి. తర్వాత తిమ్మక్కకు. పచ్చకడ్డీ దుమ్ము చేసిందో, పలుగురాతి దుమ్ము చేసిందో చెప్పగలవాళ్ళు లేరు. నరసింహప్ప జేబులోని కాగితం తీసుకుని హనుమంతరాయుడి దగ్గరికి వెళ్ళి ఆ నాలుగు వరుసలూ చదివాడు.

"తడపల్లంటావా?" అన్నాడు హనుమంతరాయుడు. "మనుషులకే కడవ నీళ్ళు మూడు మైళ్ళనుంచి వస్తాండాయి. రాళ్ళకు స్నానం పోయమంటావా సార్?"

"అయితే జబ్బు ముదరకముందే కనిపెట్టి, వాళ్ళనైనా చేట పని మాన్పించండి. నీడన కూర్చుని పచ్చముక్కలు ఏరే పనికి మార్చండి."

"కనిపెట్టేది ఎట్లా? ఈడ డాక్టరు ఉండాడా?"

నరసింహప్ప పత్రికలో చదివింది చెప్పాడు. దీపాన్ని జానెడు దూరంలో పట్టి, పెదవులు ముడవకుండా నోరు తెరిచి ఊదమంటారు. ఆర్పలేకపోతే ఊపిరితిత్తులు పాడైనట్టు.

హనుమంతరాయుడి ముఖం వికసించింది. "మంచి మాట చెప్పినావు సార్! మా నాయన ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూసేటోడు."

ప్రతి సోమవారం పొద్దున పనికి ముందు వరసలో నిలబెట్టి ఊదించాలని ఆ రోజే నిర్ణయమైంది. ఆర్పినవాళ్ళకు పని ఉంటుంది. ఆర్పలేనివాళ్ళు ఇంటికి. ఏరుడు పనికి మార్చమన్న మాటను హనుమంతరాయుడు వినలేదు. "ఏరేదానికి ముసిలోళ్ళు శానామంది ఉండారు. సగం పడికే వస్తారు."

"నేను చెప్పింది అందుకు కాదు."

"నువ్వు ఎందుకు చెప్పినా మాటైతే మంచిదే. దీపం నువ్వే పట్టు సార్, సదువుకున్నోడివి. కాదంటే మేస్త్రీ కుళ్ళాయప్ప పడతాడు. వాడు జానెడంటే మూరెడు పడతాడు, నీ ఇష్టం."

కుళ్ళాయప్ప ఎట్లాంటివాడో నరసింహప్పకు తెలుసు. నేనైతే కాస్త మెత్తగా ఉంటానని అనుకున్నాడు. ఒప్పుకున్నాడు.

మొదటి సోమవారం చిమ్నీ తీసిన లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. వత్తి నిండుగా ఉంది. ఆడవాళ్ళకు ఇదంతా వేడుకగా ఉంది.

"ఏం సార్, పెండ్లిచూపులా?"

"నోరు తెరిసి ఊదల్లంట. మా అత్తను పిలుస్తా ఉండు, ఊరు దీపాలన్నీ ఆర్పుతాది."

తొమ్మిదిమంది ఆర్పారు. సుంకమ్మ నాలుగుసార్లు ఊదింది. మంట వంగి, మళ్ళీ లేచి నిలబడింది. ఐదోసారి ఉమ్మి పడింది దాని మీద, అయినా ఆరలేదు. "ఇంగొకసారి సార్, పొద్దున ఏమీ తినలే, అందుకు" అంది. కుళ్ళాయప్ప ఆమెను భుజం పట్టి వరసలోంచి లాగాడు. ఇంకో ఇద్దరిని కూడా. సుంకమ్మ చేట నెత్తిన బోర్లించుకుని ఎండలో నడిచి పోయింది. ఆ సాయంత్రం జొన్నలు కొలిచాక తొమ్మిదిమందీ ఆమె గుడిసె మీదుగా పోతూ ఒక్కొక్క పిడికెడు ఆమె చేటలో వేసి పోయారని నరసింహప్పకు తెలిసింది. ఆ పూట ఆయన అన్నం వండుకోలేదు.

రెండో సోమవారం తిమ్మక్క వంతు వచ్చింది. ఊదింది. మంట తల ఊపింది. మళ్ళీ ఊదింది. ఆమె మెడనరాలు తాళ్ళలా లేచాయి. ఆమె కళ్ళు మంట మీద లేవు, మంటను దాటి ఎక్కడో ఉన్నాయి. నడుం లేని మొగుడు, రాత్రి గంజి, ఉత్తి కుండ. నరసింహప్ప బొటనవేలు లాంతరు మర మీద ఉంది. ఆ వేలు తనంతట తనే కదిలిందా, తానే కదిపాడా అని తర్వాత ఎన్నోసార్లు ఆలోచించుకున్నాడు. వత్తి గింజంత కిందికి దిగింది. మూడోసారికి దీపం ఆరిపోయింది.

"ఆరింది" అన్నాడు గట్టిగా.

తిమ్మక్క ఆయన వైపు చూసింది. చేట తీసుకుని పనిలోకి పోయింది.

ఆ తర్వాత వారం ఇంకొకతె కళ్ళతోనే అడిగింది. ఆమెకూ దించాడు. పైవారానికి అందరూ ఆయన బొటనవేలు చూడటం నేర్చుకున్నారు. ఇంటికి పంపినవాళ్ళు కూడా ఒకరొకరే తిరిగి వచ్చారు. సుంకమ్మ వచ్చి తేలిగ్గా ఆర్పింది. కుళ్ళాయప్ప ఆశ్చర్యపోయాడు. హనుమంతరాయుడు మాత్రం ఆనందపడ్డాడు.

"సూసినావా సార్! నీ దీపం పెట్టినాక ఒక్కరికీ జబ్బు లేదు. ఇట్లా సంతకం పెట్టు." ప్రతి సోమవారం ఒక నోటుపుస్తకంలో పేర్లు రాసి, ఎదురుగా 'ఆర్పినది' అని రాసి, కింద నరసింహప్ప చేత సంతకం పెట్టించేవాడు. ఎవరైనా పెద్ద అధికారి వచ్చి అడిగితే చూపించడానికట.

దసరా సెలవుల్లో నరసింహప్ప తిమ్మక్క గుడిసెకు వెళ్ళాడు. మారెప్ప మంచం మీద ఉన్నాడు. తిమ్మక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే గాలి అందదట.

"ఏం సార్, లాంతరు తేలేదా?" అన్నాడు మారెప్ప. "మేమింత ఊదుదుము."

"పని మానుకో తిమ్మక్కా" అన్నాడు నరసింహప్ప. "ఆ దుమ్ము నిన్ను బతకనియ్యదు. ఈ మాట ముందే చెప్పవలసింది. చెప్పలేదు."

"మానుకుంటే జొన్నలు నువ్వు కొలుస్తావా సార్?"

"కొలుస్తాను. నేను ఒక్కణ్ణే కదా."

ఆమె నవ్వబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు తగ్గినాక, "పెండ్లాం లేనోడు ఊర్లో ఆడదానికి జొన్నలు కొలిస్తే ఊరు ఊరకుంటాదా? నా మొగుడు మంచంలో ఉండాడు గానీ ఇంగా సావలే" అంది. తర్వాత మెల్లగా, "ఆ పైకి పోయేటోనికి గాలిమూట కట్టిస్తారంటివే. ఒకటి తెప్పియ్ సార్. రోజుకొక గుక్క తాగి దాపెట్టుకుంటా."

"నీ మొగం" అన్నాడు మారెప్ప. "నీకిస్తే పక్కింటోళ్ళకంతా పంచుతావ్."

ఆ వారం కూడా ఆమె వరసలో నిలబడింది. నరసింహప్ప వత్తిని ఇంకా దించాడు. మంట అనడానికి ఏమీ లేదు, నీలంగా ఒక చుక్క. ఆమె ఊదిందో, ఆయన ఊపిరి తగిలిందో, ఆరింది. రాశారు. సంతకం పెట్టాడు.

కార్తీకంలో మొదటి లారీ వచ్చింది. గోతాలు ఎక్కిస్తున్నారు. ఆఖరి జల్లెడ మిగిలింది. తిమ్మక్క చేట ఎత్తింది. రాతిముక్కలన్నీ ఒక్క మాట మీద లేచాయి. దిగేటప్పుడు చేట అక్కడ లేదు. ఆమె ఒళ్ళో రాయి పోసుకుని కూర్చుండిపోయింది. నోరు తెరిచి ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. మర్నాడు శుక్రవారం తెల్లవారేసరికి గోడకు ఆనుకునే ప్రాణం విడిచింది. లారీ అప్పటికే హిందూపురం దాటి పోయింది.

సోమవారం పొద్దున వరస నిలబడి ఉండగా నలుగురు మనుషులు మారెప్పను మంచంతో సహా మోసుకొచ్చి షెడ్డు ముందు దించారు. హనుమంతరాయుడు కుర్చీలోంచి లేవలేదు.

"ఏమప్పా మారెప్పా, ఏం కావల్ల?"

"ఏమీ వద్దు సామీ. జొన్నలు వద్దు, దుడ్లు వద్దు. నా పెండ్లాన్ని రాయి తినిందని ఈ పదిమంది ముందర ఒక మాట అను. ఇంగ నేను పోతా."

"రాయి యాడన్నా మనుషుల్ని తింటాదా? పోయిన సోమవారం కూడా దీపం ఆర్పింది. ఇదో, రాసుండాది. సార్ సంతకం ఉండాది." నోటుపుస్తకం ఊపాడు. "ఆమెకు ఇంగేదో వచ్చింది. సార్ను అడుగు. సదువుకున్నోడు, అబద్ధం ఆడడు. ఏం సార్, ఆర్పిందా లేదా?"

నరసింహప్ప చేతిలో లాంతరు వెలుగుతూ ఉంది. పట్టపగలు కాబట్టి ఆ వెలుగు ఎవరికీ అక్కర్లేదు. ఆయన వరస వైపు చూశాడు. పదకొండుమంది. సుంకమ్మ ముందు నిలబడి ఉంది. ఒక్కరూ మారెప్పను చూడటం లేదు. అందరూ నరసింహప్ప నోటి వైపే చూస్తున్నారు. వత్తి దించానని అంటే రేపటి నుంచి కుళ్ళాయప్ప పడతాడు దీపం, నిండు వత్తితో, మూరెడు దూరంలో. పదకొండుమందిలో ముగ్గురు మిగులుతారేమో. మిగతా ఎనిమిది ఇళ్ళల్లో ఈ రాత్రి నుంచే పొయ్యి వెలగదు. దించలేదని అంటే వీళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు గోడకు ఆనుకుంటారు. రెండిట్లో ఏదీ దయ కాదు. దయ అనుకున్నది ఎప్పుడో అయిపోయింది.

"చెప్పు సార్" అన్నాడు మారెప్ప.

"ఆర్పింది" అన్నాడు నరసింహప్ప.

మారెప్ప మంచం పట్టె మీద మోచెయ్యి ఆనించుకుని కొంచెం లేచాడు.

"మా ఇంట్లో బుడ్డిదీపం ఉండాది సార్. రెండు నెల్ల నుంచి ఆమెకు అది ఆరేది లేదు. ఊది ఊది దగ్గుతాంటే నేనే మంచంలోంచి చెయ్యి సాపి ఆర్పేటోన్ని. ఇంట్లోది ఆరదు, ఆడ ఎట్లారుతాది అని అడిగితినొకనాడు. 'ఆడిది మంచి దీపం' అన్నది."

వరసలో ఎవరో దగ్గి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"సరే" అన్నాడు మారెప్ప. "సార్ చెప్పినాడు గదా. నా పెండ్లాం బాగుండాది. బాగుండి సచ్చింది." మోసేవాళ్ళ వైపు తిరిగి, "ఎత్తండప్పా" అన్నాడు.

మంచం గుట్ట మలుపు తిరిగేదాకా హనుమంతరాయుడు చూశాడు. తర్వాత పుస్తకం తెరిచి, తిమ్మక్క పేరున్న వరుసలో ఇంకో పేరు రాయమని కుళ్ళాయప్పకు చెప్పాడు. చిలమత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక కొత్తామె చేట పట్టుకుని వరస చివర నిలబడింది. నవ్వుతోంది. ఆమెకు ఇదంతా వేడుకగా ఉంది.

"కానీ సార్, పొద్దు పోతాంది" అన్నాడు హనుమంతరాయుడు.

నరసింహప్ప లాంతరు ఎత్తి జానెడు దూరంలో పట్టాడు. వత్తి నిండుగా మండుతోంది. సుంకమ్మ ముందుకొచ్చి నోరు తెరిచింది. కానీ ఊదలేదు. ఆమె దీపం వైపు చూడటం లేదు. ఆయన బొటనవేలు వైపు చూస్తోంది.

ఆయన వేలు మర మీదే ఉంది. కదల్లేదు.

"సార్" అంది సుంకమ్మ, ఇద్దరికే వినపడేట్టు. "దించు."

దించాడు.